మేనమామ ఎత్తు

ఇరవై తొమ్మిదేళ్ళకే రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. కాలేజీవాళ్ళు మాత్రం నవ్వలేదు. శాలువా కప్పారు, దండ వేశారు, నాలుగు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. "థాంక్యూ" అని కూర్చున్నాను. ఏడేళ్ళలో నేను మైకులో మాట్లాడింది అదొక్కటే. ఇప్పుడు సిరిసిల్లలో, ఇంటికి దగ్గర్లోనే, ఒక బడి లైబ్రరీలో పని చేస్తున్నాను. అక్కడ ఎవరూ మాట్లాడకూడదని గోడ మీదే రాసి ఉంటుంది. నాకు అంతకన్నా ఏం కావాలి.

నా జాగాలో కొత్తగా ఇద్దరు అమ్మాయిలను తీసుకున్నారు. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చారు. "మేడం, గీ నౌకరిల ఏం జెయ్యాలె, ఏం జెయ్యొద్దు, జర చెప్పుండ్రి" అన్నారు. చాయ్ పోశాను, బిస్కెట్లు పెట్టాను, చెప్పాల్సింది మాత్రం గొంతు దాటి రాలేదు. వాళ్ళు వెళ్ళాక పాత డైరీలు ముందేసుకొని కూర్చున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఫారం ఎలా నింపాలి, ఇవి రాయను. అవి ఆఫీసులో గుమస్తా అరగంటలో నేర్పిస్తాడు. ఆయన నేర్పలేనివి రాస్తాను.

బొట్టు పెట్టే ఉద్యోగం

నన్ను తీసుకున్నది పీఆర్వోగా. జగిత్యాలలో మాదొక ప్రైవేటు జూనియర్ కాలేజీ. అక్కడ పీఆర్వో అంటే బడుల చుట్టూ ఇళ్ళ చుట్టూ తిరిగి, మీ పిల్లను మా కాలేజీలో వెయ్యండని అడిగే మనిషి. ముగ్గురు నిలబడి మాట్లాడుకుంటుంటే నాలుగో మనిషిగా వెళ్ళలేని నేను ఆ పనిలో చేరడానికి కారణం ఒకటే. ఆ ఏడాది నాకు దొరికిన ఉద్యోగం అదొక్కటే.

మొదటి నెలలో ఒక్క అడ్మిషన్ కూడా తేలేదు. ఇక తీసేస్తారు అనుకుంటుండగా పీడీ సార్ నన్ను అడిగి తీసుకున్నారు. పీడీ అంటే ఆటలు నేర్పే సార్. మా కాలేజీకి ఆడపిల్లల వాలీబాల్ టీము ఉంది. దానికి పిల్లలను వెతికి తేవడం ఆయన పని. ఆరడుగుల మనిషి, పెద్ద మీసాలు. ఆయన గడపలో నిలబడితే తల్లులు లోపలికి పోయి తలుపు చాటున నిలబడేవారు.

"నువ్వు మాట్లాడకున్నా మంచిదే. నా పక్కన కూసో చాలు. ఆడమనిషి కూసుంటే తల్లులు బయటికస్తరు. ముచ్చట నేను జేస్త" అన్నారు.

అలా, వాలీబాల్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోని నేను ఆటల పిల్లలను వెతికే మనిషినయ్యాను.

ఇంటర్ కాలేజీ కదా, పదో తరగతి పిల్లలను వెతుకుతారనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని పదో తరగతికి వచ్చేసరికి పొడుగు పిల్లలు ఎవరూ మిగలరు. ఒక కాలేజీ తొమ్మిదో తరగతిలోనే మాట్లాడుకుంటే, ఇంకొకటి ఎనిమిదికి దిగుతుంది. నేను చేరేనాటికి మేము ఆరో తరగతి దాకా దిగాం. అంటే పదకొండేళ్ళ పిల్ల. అయిదేళ్ళ తర్వాత సీటు, హాస్టలు, తిండి అన్నీ ఉచితమని ఇప్పుడే మాట ఇచ్చేవాళ్ళం. మాటకు గుర్తుగా పిల్లకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ, ట్రాక్‌సూటు, ఒక జత బూట్లు చేతిలో పెట్టేవాళ్ళం. ఆ తర్వాత ఏడాదికొకసారి కొత్త బూట్లు. బొట్టు పెట్టడం నా డ్యూటీ. ఆఫీసులో కూడా "గీ వారం ఎంతమందికి బొట్టు వెట్టినవ్?" అనే అడిగేవారు.

"గిదేంది, పెండ్లి ఖాయం జేసుకున్నట్టే ఉన్నది" అని ముసలమ్మలు నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

ఇంకొక సంగతి. ఇంటికి వెళ్తే తండ్రులు సర్టిఫికెట్ల గురించి అడుగుతారు, తల్లులు బాత్రూముల గురించి అడుగుతారు. సిరిసిల్లలో, సాంచాల మీద బట్ట నేసే మనిషి భార్య, నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, హాస్టల్‌ల బాత్రూములు ఎన్నున్నయి? గొళ్ళాలు మంచిగ వడ్తయా?" అంది. నాకు తెలియదు. తిరిగి వెళ్ళి చూశాను. ఎనిమిది ఉన్నాయి, గొళ్ళేలు అయిదింటికే పడుతున్నాయి. మిగతా మూడూ బాగుచేయించమని అడగడానికి నోరు రాక, రోజూ పొద్దున ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డాను. ఏమీ అనకుండా, అలా నిలబడ్డానంతే. నాలుగో రోజు ఆయనే విసుగొచ్చి వడ్రంగిని పిలిపించాడు. కాబట్టి కొత్తవాళ్ళకు నా మొదటి సలహా, ఊరు తిరగకముందే మీ హాస్టలు తిరిగి చూడండి.

పీడీ సార్ దసరా

సార్‌ది ఒకటే సిద్ధాంతం. పిల్ల ఆట చూడక్కర్లేదు. ఆట నేర్పితే వస్తుంది, ఎత్తు నేర్పితే రాదు. ఆ ఎత్తు ఎంతవరకు వస్తుందో చెప్పేవి మూడు. పిల్ల పాదం, పిల్ల తల్లి, అన్నిటికన్నా ముఖ్యంగా పిల్ల మేనమామ.

"ఆడివిల్ల మేనమామ పోలికనే అస్తది. రాస్కో" అన్నారు. నేను నిజంగానే డైరీలో రాసుకున్నాను.

మేనమామను టేపు పెట్టి కొలిస్తే ఊరుకోడు కదా. దానికి సార్ దసరా దాకా ఆగేవారు. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం మా దగ్గర అందరూ చేసేదే. ఎవరొచ్చి కౌగిలించుకున్నా ఎవరూ కాదనరు. సార్ కాలేజీ వ్యాన్‌లో ఊరూరూ తిరిగి మేనమామలను వెతికి వెతికి కౌగిలించుకునేవారు. ఎదుటి మనిషి తల తన గడ్డం దగ్గరికి వస్తే ఒక లెక్క, చెవి దాకా వస్తే ఒక లెక్క. వ్యాన్ ఎక్కుతూ, "చెవి. అయిదు ఎనిమిది. రాస్కో" అనేవారు మెల్లగా.

ఒక దసరాకు పదకొండు మంది మేనమామలయ్యారు. వేములవాడలో ఒకాయన అప్పటికే పండుగ బాగా చేసుకొని ఉన్నాడు. "మీ అసోంటి పెద్దసారు నన్ను యాది వెట్టుకొని అచ్చిండు" అంటూ సార్ భుజం మీద తల పెట్టి ఏడ్చి, ఎంతకీ నిటారుగా నిలబడలేదు. ఆయన ఎత్తు నా డైరీలో ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

సార్ చెడ్డ మనిషి కాదు. హాస్టల్లో పిల్లకు జ్వరమొస్తే ఇంటినుంచి జావ కాయించి తెచ్చేవారు. మనిషి మంచివాడైనంత మాత్రాన ఆయన పద్ధతి కూడా మంచిదే అనుకోవద్దు. ఇది తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

దుబాయ్ ఫ్రిజ్

కోరుట్ల దాటి ఆటోలో ఇరవై నిమిషాలు పోతే ఒక చిన్న ఊరు. అక్కడి బడిలో అఖిల ఆరో తరగతి. అప్పటికే అయిదడుగుల రెండంగుళాలు. ప్రార్థనలో చివర నిలబడి ఉంటే టీచరనుకున్నాను. సార్ ఆ పిల్ల పాదాలు చూసి నా వైపు చూశారు. ట్రాక్‌సూటు వ్యాన్‌లో ఉందా అని ఆ చూపుకు అర్థం.

తండ్రి ట్రాక్టర్ నడుపుతాడు, నాకన్నా తక్కువ మాట్లాడే మనిషి. తల్లి గంగమణి బీడీలు చేస్తుంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు. చేతులూ ఆగవు, మాటలూ ఆగవు.

"అమ్మా, నీకు తమ్ముడున్నడా?" అన్నారు సార్.

"ఉన్నడు సార్, గంగాధర్. దుబాయ్‌ల ఉంటడు. వానితోని ఏం పని?"

"ఏం లేదు. మేనమామ గదా, ఆయనకు గూడ ఒక మాట చెప్దామని."

వీడియో కాల్ కలిపారు. నవ్వుముఖం మనిషి, డ్యూటీ దిగి గదిలో ఉన్నాడు. "జర ఫోన్ దూరం వెట్టు తమ్మీ, నిలవడు. నీ రూం ఎట్లున్నదో చూద్దాం" అన్నారు సార్. అతను ఫోన్‌ను ఎదురు మంచం మీద ఆనించి, వెళ్ళి ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు. ఫ్రిజ్ అతని భుజం దాకా వచ్చింది. ఇంట్లో ఫ్రిజ్ అంటే అయిదడుగులు ఉంటుంది. భుజం అయిదడుగులైతే మనిషి ఆరడుగులు. డైరీలో రాసి సార్‌కు చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇక బొట్టు పెట్టడమే అనుకుంటుండగా గంగమణి దేవుడి పటం దగ్గరినుంచి ఒక లెటర్ తెచ్చింది. పట్నం దగ్గర ఒక ఆటల బడిలో అఖిల సెలక్ట్ అయింది. వారంలో చేరాలి. అప్పుడే సార్‌కు ఫోనొచ్చి వాకిట్లోకి వెళ్ళారు.

"గాడ రోజూ ఆట నేర్పుతరట. కని శాన దూరం" అంది గంగమణి. "సార్ అంటే వాళ్ళ కాలేజు ముచ్చటే చెప్తడు. నువ్వు చెప్పు బిడ్డా. నువ్వు ఊకె మాట్లాడెటిదానివి గావు. పంపాల్నా, వద్దా?"

తల్లి చాట పక్కన కూర్చొని అఖిల నన్నే చూస్తోంది.

"గంత దూరం ఎందుకక్కా. ఇంటికాడ్నే చదువుకోనియ్యి. మా కాలేజున్నది, నేనున్న" అన్నాను.

అప్పటిదాకా నేను అంత ధైర్యంగా ఎక్కడా మాట్లాడింది లేదు. మాటకారి చెప్తే జనం సగం తీసేసి వింటారు. మాట్లాడనివాళ్ళు చెప్తే మొత్తం నమ్ముతారు. మీలో నాలాంటి సిగ్గరులుంటే ఈ ఒక్కటి మర్చిపోవద్దు. అఖిలకు బొట్టు పెట్టాను. లెటర్ తిరిగి పటం వెనక్కి వెళ్ళింది.

నా తప్పు

ఏడో తరగతిలో బూట్లు ఇవ్వడానికి వెళ్తే అఖిల అయిదడుగుల మూడంగుళాలు. ఎనిమిదిలో కూడా మూడే. అప్పుడే గంగాధర్ సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఇంట్లోంచి "నమస్తే మేడం" అని వినపడితే తల పైకెత్తాను. అక్కడ ఎవరూ లేరు. కళ్ళు కిందికి దించితే ఉన్నాడు. నాకన్నా రెండు వేళ్ళు ఎత్తు, అంతే.

ఆ ఇంట్లో అన్నాళ్ళకు నేనొక ప్రశ్న అడిగాను. "అన్నా, దుబాయ్‌ల మీ ఫ్రిజ్ ఎంతుంటది?"

"ఫ్రిజ్జా?" అతను నవ్వుతూ తన భుజం దగ్గర చెయ్యి పెట్టాడు. "గింతుంటది. ఆరుగురం పండే రూంల అంతకన్న పెద్దది ఏడ వడ్తది మేడం? ఎందుకు, ఒకటి తెమ్మంటవా?"

ఎత్తు తప్పుగా అంచనా వేయడం ఎవరికైనా జరుగుతుంది. దాన్ని నేను తప్పనను. నా తప్పు ఆ తర్వాతిది. ఎనిమిదో తరగతిలోనే నాకు సంగతి తెలిసిపోయింది. సార్ అడిగితే "పెరుగుతున్నది సార్" అన్నాను. గంగమణి అడిగితే నవ్వాను. చెప్పడానికి భయం, పిల్ల ఎలాగైనా పెరుగుతుందేమోనని ఆశ. ఆ రెండేళ్ళు వాళ్ళకు ఇంకొక దారి వెతుక్కునే వ్యవధి. దాన్ని నేను మింగేశాను. ఇది డైరీలో రాయడానికి కూడా నాకు చాలా రోజులు పట్టింది.

పెద్దమనుషులు

పదో తరగతి పరీక్షలయ్యాక బొట్టు పెట్టిన పిల్లలందరినీ కాలేజీకి పిలిచి గోడకు నిలబెట్టి కొలిచారు. అఖిల అయిదడుగుల మూడంగుళాలే.

"గిదేంది? ఆరడుగుల మేనమామ అన్నవ్ గదా!" అన్నారు సార్.

"ఫ్రిజ్ చిన్నది సార్" అన్నాను. సార్ తల పట్టుకున్నారు.

కాలేజీ యజమానిని మేము కరస్పాండెంట్ సార్ అంటాం. అయిదడుగుల ఆరంగుళాలు లేని పిల్లకు ఆటల సీటు లేదని ఆయన తేల్చేశారు. హాస్టల్ ఫీజు కట్టి చదివించడం గంగమణి వల్ల కాదు. ఫోన్ చేసి చెప్పమన్నారు. ఫోన్లో చెప్పలేక కోరుట్ల బస్సెక్కాను. విన్నాక గంగమణి చేతులు ఆగిపోయాయి. ఆ చేతులు ఆగడం నేను చూడడం అదే మొదటిసారి.

"బొట్టు వెట్టినవు గద బిడ్డా" అంది.

మూడో రోజు కాలేజీ గేటు ముందు ఆటో ఆగింది. గంగమణి, ఆమె భర్త, అఖిల, మళ్ళీ సెలవు మీద వచ్చిన గంగాధర్ దిగారు. వాళ్ళ వెనక తలపాగాలతో ఇద్దరు పెద్దమనుషులు. ఖాయమైన పెళ్ళి తప్పిపోతే పంచాయితీకి ఎలా వస్తారో, సరిగ్గా అలా వచ్చారు. కరస్పాండెంట్ గదిలో కుర్చీలు చాలక బెంచీ వేయించారు.

"పిల్లకు బొట్టు వెట్టింది మీరేనా, కాదా?" అన్నాడు పెద్దాయన.

"అది ఊకె మర్యాదకు పెద్దమనిషీ" అన్నారు కరస్పాండెంట్.

"మర్యాదకయితె పేరంటానికి అచ్చినామెకు వెడ్తరు. కాయ ఇచ్చి, బట్టలు వెట్టి, మాటియ్యరు. పిల్ల పొట్టిగున్నదని ఇప్పుడు తప్పుకుంటరా? మా కులంల అయితె దీనికి దండుగ ఏస్తం."

"మాటెవరిచ్చిండ్రో మాకు తెల్వదు..."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. ఆటల బడికి పంపకు, నేనున్న అన్నవా, లేదా?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. కరస్పాండెంట్ చూపు వేరే, నా ఉద్యోగాన్ని చూస్తున్నట్టుంది.

"అన్న" అన్నాను. ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "పిల్ల పెరుగుడు ఆగిందని ఎనిమిదిలనే నాకు ఎరుక. నేనే ఎవ్వలికి చెప్పలే. తప్పు నాది. పిల్లది గాదు, ఆళ్ళమ్మది గాదు."

పీడీ సార్ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశారు. అప్పుడు బెంచీ మీదినుంచి గంగాధర్ లేచాడు. అతను నవ్వడం లేదు.

"నాదొక్క ముచ్చట సార్. నా ఎత్తు చూసిండ్రు. నా రూం చూసిండ్రు, నా ఫ్రిజ్ గూడ చూసిండ్రు. పిల్ల ఆట ఎట్లుంటది? అది చెప్పుండ్రి."

కరస్పాండెంట్ పీడీ సార్‌ను చూశారు. పీడీ సార్ నన్ను చూశారు. నేను నేలను చూశాను. అయిదేళ్ళు. అయిదు జతల బూట్లు. ఆ పిల్ల చేతిలో బంతి ఉండగా మాలో ఒక్కరం కూడా చూడలేదు.

"ఊళ్ళె రోజు ఆడ్త సార్" అంది అఖిల. "చూస్తరా?"

గ్రౌండు

గ్రౌండ్‌లో కాలేజీ పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు. అందరూ తాటిచెట్లలాంటి పిల్లలు, మా మేనమామల లెక్క తప్పని పిల్లలు. అఖిల వాళ్ళ మధ్యకు వెళ్ళి వల దగ్గర, బంతి లేపి ఇచ్చే జాగాలో నిలబడింది.

తర్వాత తెలిసింది. వాళ్ళ ఊళ్ళో సాయంత్రాలు గల్ఫ్ నుంచి సెలవుకొచ్చినవాళ్ళు, ట్రాక్టర్లు తోలేవాళ్ళు వాలీబాల్ ఆడతారు. "అందరికీ కొట్టుడే గావాలె అక్కా. లేపెటోడు ఒక్కడుండడు. అందుకనే నన్ను రానిచ్చిండ్రు" అంది అఖిల. ఆరో తరగతి నుంచి రోజూ ఆ పిల్ల మగవాళ్ళకు బంతి లేపుతూనే ఉంది. నేర్పినవాళ్ళు లేరు. చూసి నేర్చుకుంది, తిట్లు తిని నేర్చుకుంది.

మొదటి బంతి మామూలుగానే లేచింది. రెండోది కూడా. నాలుగో బంతికి మా పొడుగు పిల్ల ఒకతె ఎగిరి కొడితే అది అవతలి గీత దగ్గర పడి గోడకు తగిలింది. ఎప్పుడూ వలలోకి కొట్టే పిల్ల అది. తన చేతిని తనే చూసుకుంది. తర్వాత ఇంకొక పిల్లకు, కొంచెం తక్కువ ఎత్తులో, కొంచెం త్వరగా లేపింది. అదీ పడింది. ఎవరికి ఎంత ఎత్తు కావాలో ఆ పిల్ల అడగడం లేదు, వాళ్ళు పరుగెత్తే తీరు చూసి లేపుతోంది. వాలీబాల్ తెలియని నాకే తెలుస్తోంది.

పీడీ సార్ మొదట సిమెంటు గట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి లేచారు. తర్వాత వల కట్టిన గుంజ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "ఇంకోటి" అన్నారు. "ఇంకోటి. ఇంకోటి." పిల్లలు రొప్పుతున్నారు. పెద్దమనుషులు తలపాగాలు తీసి చంకలో పెట్టుకొని చూస్తున్నారు. గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"సీటు ఇయ్యుండ్రి సార్" అన్నారు పీడీ సార్, వెనక్కి తిరక్కుండానే.

"సరే, ఇద్దాం. నేను మాటిస్తున్న గద" అన్నారు కరస్పాండెంట్.

"మాటలు అయినయి సార్. కాయిదం మీద రాసియ్యుండ్రి" అన్నాడు పెద్దాయన. ఆఫీసునుంచి కాలేజీ ముద్ర ఉన్న కాగితం తెప్పించి, కరస్పాండెంట్ చేత రాయించి, మడిచి గంగమణి చేతిలో పెట్టాడు. గంగమణి దాన్ని కొంగున ముడి వేసుకుంది. చాయ్ వచ్చింది. గంగాధర్ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగం సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆట ఆపాక అఖిల వచ్చి గట్టు మీద కూర్చొని బూట్ల లేసులు విప్పుకుంటోంది. పక్కన నేను. సార్ కండువాతో ముఖం తుడుచుకుంటూ వచ్చారు.

"అబ్బ, ఏం చేతులే బిడ్డా!" అన్నారు నిండు సంతోషంతో. నాతో అన్నారు, "గీ పిల్ల ఆరో క్లాసులనే మనకు దొరికుంటేనా, ఇయ్యాల్టికి ఎక్కడికో పోతుండె."

అఖిల తలెత్తింది. కోపం లేదు ఆ ముఖంలో. టీచరుకు జవాబు చెప్పినట్టు చెప్పింది.

"ఆరో క్లాసులనే దొరికిన సార్."

గేటు దగ్గర ఆటోవాడు హారన్ కొట్టాడు. సార్ కండువా భుజం మీద వేసుకున్నారు, మళ్ళీ తీశారు. గ్రౌండ్ వైపు చూశారు. పిల్లలు వదిలేసిన బంతి వల కింద పడి ఉంది. వెళ్ళి దాన్ని తీసుకున్నారు.

"లేసులు కట్టుకో బిడ్డా" అన్నారు. "నీ ఎడమచెయ్యి జర లోపటికి వోతున్నది. రా, చూపెడ్త."